కిలినోచ్చిలో చూసిన ఇల్లు

శ్రీలంక ఉత్తరాన కిలినోచ్చి వైపు వెళ్లినప్పుడు ఒక ఇంటి ముందు చాలాసేపు నిలబడిపోయాను. గోడలు కొత్తవి, ద్వారబంధం మాత్రం పాతది. ఒక పక్క నల్లగా కాలిన మచ్చ. "పాత ఇంట్లో మిగిలింది ఇదొక్కటే. గోడల కన్నా ముందు దీన్నే నిలబెట్టించాను" అంది ఆ ఇంటావిడ. వంటగది తలుపు బావి వైపే ఉండాలని పట్టుబట్టిందీ ఆవిడే.

అలా పట్టుబట్టే వీలుండటమే నాకు గొప్పగా అనిపించింది. 2009లో అంతర్యుద్ధం ముగిశాక భారత్ సాయంతో అక్కడ చేపట్టిన 50,000 ఇళ్ల పథకం చాలావరకు ఇలా యజమానే కట్టించుకునే పద్ధతిలోనే సాగింది. ఇంటికి 5.5 లక్షల శ్రీలంక రూపాయలు, పని జరిగేకొద్దీ విడతలుగా, నేరుగా యజమాని ఖాతాలోకి. మేస్త్రీ ఎవరో, సామాను ఎక్కడ కొనాలో వాళ్లిష్టం. కాంట్రాక్టర్ ఒకే అచ్చులో కట్టి తాళాలిచ్చే కాలనీల్లో ఇది ఎక్కడ దొరుకుతుంది?

ఒక్క విషయం మాత్రం కలవరపెట్టింది. వేల ఇళ్లు ఒకేసారి లేస్తే ఇసుక, కలప ఎక్కడినుంచి తేవాలి? ఏరు తవ్వేసి, చెట్లు కొట్టేసి కట్టుకుంటే కష్టం మళ్లీ ఆ ఊరికే. అందుకే మట్టిలో కొద్దిగా సిమెంటు కలిపి మెషిన్‌తో నొక్కి చేసే ఇటుకలంటే నాకు నమ్మకం. బట్టీ అక్కర్లేదు, కట్టెలు కాల్చక్కర్లేదు. శిథిలాలూ పనికొస్తాయి. ఇరాక్‌లోని మోసుల్‌లో యుద్ధంలో కూలిన భవనాల కాంక్రీటు ముక్కల్ని నలగ్గొట్టి మళ్లీ వాడారు. అయితే ముందు పేలని బాంబులు, ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఏరేయాలి. సాయం చేసేవాళ్లు ఆ ఖర్చుని మొదటి రోజే బడ్జెట్‌లో పెట్టాలి. ఇళ్ల లెక్క చూపించే తొందరలో దాన్ని వెనక్కి నెట్టకూడదు.