తెలుగు పుస్తకాలు తెలుగులో వెతికితే దొరకాలి: మా కాలేజీ లైబ్రరీ కోహాకి మారిన అనుభవం

నేను ఒక డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌ని. మా దగ్గరున్న పుస్తకాల్లో దాదాపు సగం తెలుగువే. కంప్యూటర్లో వెతికితే దొరకనివీ అవే. పాత సాఫ్ట్‌వేర్‌లో తెలుగు పేర్లన్నీ ఎవరో డీటీపీ ఫాంటులో కొట్టారు. ఆ ఫాంటు ఉన్న సిస్టమ్‌లో తప్ప మిగతావాటిలో అవి పిచ్చిగీతల్లా కనిపించేవి. అందుకే బీఏ పిల్లలు కంప్యూటర్ జోలికి పోకుండా తిన్నగా నా టేబుల్ దగ్గరికొచ్చి "మేడమ్, ఈ పుస్తకం ఉందా?" అని అడిగేవాళ్లు. నేను సెలవు పెడితే చెప్పేవాళ్లు ఉండరు. పుస్తకం బీరువాలో ఉండీ పిల్లవాడు ఉత్త చేతులతో వెళ్లిపోవడం నాకు మింగుడుపడేది కాదు.

కాలేజీలకు గ్రేడులిచ్చే నాక్ బృందం వస్తుందనగానే లైబ్రరీ ఆటోమేషన్ సంగతి మళ్లీ కదిలింది. ఎన్‌ఐసీ వాళ్ల ఈ-గ్రంథాలయ, గాంధీనగర్ ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల సోల్, కోహా, ఈ మూడు లైబ్రరీ సాఫ్ట్‌వేర్లూ చూశాం. కోహా పుట్టింది న్యూజీలాండ్‌లో. హోరోవెనువా లైబ్రరీల కోసం 1999లో తయారై 2000 జనవరిలో వాడుకలోకి వచ్చింది. లైసెన్సు ఖర్చు లేదు, అవసరమైతే లోపల మనమే మార్చుకోవచ్చు. ఆ రెండో సంగతే నన్ను దానివైపు లాగింది. కంప్యూటర్ సైన్సు లెక్చరర్ గారు ల్యాబ్‌లో పక్కన పెట్టిన ఒక సిస్టమ్‌లో డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి దాన్నే సర్వర్‌గా చేసిచ్చారు.

ఇంగ్లీషు పుస్తకాలకు పెద్ద కష్టం లేదు. ఐఎస్‌బీఎన్ కొడితే లైబ్రరీలు రికార్డులు ఇచ్చిపుచ్చుకునే జెడ్39.50 పద్ధతి ద్వారా అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నుంచి రికార్డు తయారుగా దిగుతుంది. తెలుగు పుస్తకాలు కూడా అక్కడ చాలానే ఉన్నాయి. పీఎల్-480 అనే అమెరికా పథకం కింద 1960ల నుంచి ఢిల్లీ ఆఫీసు ద్వారా సేకరించినవి. అయితే ఆ రికార్డుల్లో పుస్తకం పేరు రోమన్ లిపిలో ఉంటుంది, అక్షరాల మీద గీతలు, కింద చుక్కలు. మా పిల్లలెవరూ అలా టైపు చేయరు. పైగా మా పాత పుస్తకాలకు ఐఎస్‌బీఎన్ లేదు. కాబట్టి పుస్తకాలు చేరినప్పుడు రాసుకునే యాక్సెషన్ రిజిస్టర్ ముందు పెట్టుకుని, ఒక్కో పుస్తకం చేతిలోకి తీసుకుని, టైటిల్ పేజీ చూసి ఏ సిస్టమ్‌లోనైనా కనిపించే యూనికోడ్‌లో కొట్టడమే దారి. రికార్డులో 245 అనే గడిలో తెలుగు పేరు, 246 గడిలో ఫోన్లో పిల్లలు ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే రూపం. ఆ 246 కోసం పడిన శ్రమ వృథా కాలేదు.

ఎక్కించాం, వెతికాం, సగం రాలేదు. కోహాలో వెతుకులాట చూసే జీబ్రా మామూలుగా ఇంగ్లీషు అక్షరాలకు తగ్గట్టు సెట్ అయి ఉంటుంది. దాన్ని అన్ని లిపులనూ గుర్తించే ఐసీయూ పద్ధతికి మార్చి ఇండెక్సు మళ్లీ కట్టిస్తే గాని తెలుగు మాటలను సరిగ్గా పట్టుకోలేదు. అప్పటికీ కొన్ని పేర్లు మొండికేశాయి. ‘రాజ్‌కుమార్’ లాంటి పేర్లలో జ కింద క ఒత్తుగా పడిపోకుండా మధ్యలో కంటికి కనబడని అక్షరం ఒకటి పెడతాం. రికార్డులో అది ఉండి, వెతికేవాళ్లు పెట్టకపోతే ఫలితం సున్నా. తెర మీద పేరు ఎదురుగానే ఉంటుంది, వెతికితే మాత్రం లేదంటుంది! ఐసీయూ ఫైల్లో ఆ అక్షరాన్ని లెక్కలోకి తీసుకోవద్దని ఒక వరుస చేర్చాక దారికొచ్చింది. కొత్తగా తెలుగు ఎక్కించేవాళ్లు ముందు ఇది సరిచేసుకుని తర్వాత టైపింగు మొదలుపెట్టండి.

అన్నిటికంటే ఎక్కువ సమయం తిన్నది రచయితల పేర్లు. మా రిజిస్టర్లో ఒక పేజీలో శ్రీశ్రీ, ఇంకో పేజీలో శ్రీరంగం శ్రీనివాసరావు, మరోచోట ఎస్. శ్రీనివాసరావు. మనిషి ఒక్కరే, కంప్యూటర్‌కి ముగ్గురు. పాత సాఫ్ట్‌వేర్ ఇంటిపేరుకి ఒక గడి, అసలు పేరుకి ఒక గడి ఇవ్వడంతో విశ్వనాథ సత్యనారాయణ గారు కొన్నిచోట్ల ‘సత్యనారాయణ, విశ్వనాథ’ అయి కూర్చున్నారు. తెలుగు శాఖ మాస్టారితో కూర్చుని ఒక నియమం పెట్టుకున్నాం: పాఠకుల నోట్లో ఏ పేరు నానుతుందో అదే ప్రధానం, ఇంటిపేరు ఎప్పుడూ ముందే, మధ్యలో కామా వద్దు. ప్రతి రచయితకూ పేరు రూపాలన్నిటినీ ఒకచోట కలిపే అథారిటీ రికార్డు చేసి, మిగతా రూపాలన్నీ అందులో 400 అనే గడిలో చేర్చాం. వెతుకులాటలో ఆ రూపాలను కూడా కలుపుకునే సెట్టింగు కోహాలో ఉంది. అది ఆన్ చేస్తే ఏ పేరుతో కొట్టినా ఆ రచయిత పుస్తకాలన్నీ ఒకే జాబితాలో వస్తాయి. లైబ్రేరియన్ చేయగలిగిన అసలు సేవ ఇదేనని నా నమ్మకం. మిషను ఎంత ఖరీదైనదైనా ఈ పని దానంతట అది చేయదు.

బార్‌కోడ్లు అంటించడం, స్కానర్‌తో ఇష్యూలు, రిటర్నులు చూడటం, గడువు దాటితే మెయిలు వెళ్లడం, ఇవన్నీ సాఫీగానే సాగాయి. పుస్తకాలకు విషయాన్నిబట్టి అంకెలిచ్చే డ్యూయీ పద్ధతిలో తెలుగు నవలలూ కథలూ అన్నీ 894.8273 కిందికే వస్తాయి కదా, ర్యాకులో విడదీసేందుకు లేబుల్ మీద రచయిత పేరులోని మొదటి అక్షరాలు తెలుగులోనే వేశాం. దాంతో మా అటెండరు ఎవరినీ అడగకుండా పుస్తకాలు వరుసలో సర్దేస్తున్నాడు.

ఇప్పుడు పిల్లలు క్యాంపస్ వైఫైలో ఫోన్ నుంచే వెతుక్కుని, ర్యాకులో చోటు చెప్పే కాల్ నంబరు రాసుకుని నేరుగా ర్యాకు దగ్గరికి వెళ్తున్నారు. చలం పుస్తకాల కోసం ఒకమ్మాయి ‘గుడిపాటి’ అని కొట్టి, వచ్చిన జాబితా చూపించి "ఇన్ని ఉన్నాయా మేడమ్?" అంది. అవన్నీ ఏళ్ల తరబడి ఆ బీరువాలోనే ఉన్నాయి.

పాత వారపత్రికల బైండు సంపుటాలు ఇంకా ఎక్కించాలి. పక్క ఊరి కాలేజీ వాళ్లు అడిగితే మా తెలుగు రికార్డులు మార్క్ అనే లైబ్రరీ రికార్డుల ప్రామాణిక రూపంలో ఫైలుగా ఇచ్చాం. తమ దగ్గరున్న పుస్తకాలకు సరిపోయేవి నేరుగా దింపుకుంటున్నారు. మా దగ్గర లేనివి వాళ్లు ఎక్కించాక మాకు పంపుతామన్నారు.