చేపలు పడని పిల్లి

మా తాండ్రకి ఒంటినిండా మళ్లీ బొచ్చు వచ్చింది. మెడ వెనక రూపాయి బిళ్లంత చోటు మాత్రం ఇంకా పలచగానే ఉంది, అది ఇక అంతేనేమో. కోపం చల్లారాక రాద్దామని ఇన్నాళ్లూ ఆగాను. చల్లారలేదు గానీ, రాసేస్తున్నాను.

మాది ముమ్మిడివరం దగ్గర ఊరు. తాండ్ర మా గండుపిల్లి. మామిడితాండ్ర రంగులో ఉంటాడని మా అమ్మాయి ఆ పేరు పెట్టింది. చేపలావిడ అరుగు మీద గంప దించితే చాలు, ఏ పెరట్లో ఉన్నా వచ్చి వాలిపోతాడు. ఆవిడ పిత్తపరిగెలో, రొయ్యల తలకాయలో పడేస్తుంది. ఇంట్లో మా అమ్మ ఎండు మెత్తళ్లు వేయించి అన్నంలో కలిపి పెడుతుంది. గోదారి జిల్లాల్లో పిల్లికి ఇంతకంటే ఎవరేం పెడతారు?

కిందటేడు ఎండాకాలం చివర్లో చెవుల కింద గోక్కోవడం మొదలుపెట్టాడు. తర్వాత మెడ, బుగ్గలు. నిమిరితే బొచ్చు కింద ఇసక రేణువుల్లా పొక్కులు చేతికి తగిలేవి. కొన్నాళ్లకి పొట్ట మీద కూడా బొచ్చు పోయి గులాబీ రంగు చర్మం బయటపడింది. రాత్రిపూట గోకుతుంటే వెనక కాలు గచ్చుకి కొట్టుకునే చప్పుడుకి మాకు నిద్ర ఉండేది కాదు.

ఇంటికి వచ్చిన ప్రతి మనిషీ ఓ మందు చెప్పినవాళ్లే. వేపనూనె అన్నారు, కిరసనాయిలు అన్నారు, గంధకం అన్నారు. నేను ఏదీ రాయనివ్వలేదు. పిల్లి ఒంటికి ఏం రాసినా అది నాకి కడుపులో వేసుకుంటుందని చిన్నప్పటి నుంచి పిల్లుల్ని పెంచినదాన్ని, నాకు తెలుసు.

దగ్గర్లో ఒక పశువైద్యుడికి చూపించాం. గేదెల వైద్యంలో చెయ్యి తిరిగిన మనిషి. చెవి ఎత్తి చూశారు, సూది వేశారు, పంపేశారు. మర్నాటికి గోకుడు ఆగింది, మేం దణ్ణం పెట్టుకున్నాం. కొన్ని వారాలకి మళ్లీ మొదలు, మళ్లీ సూది. అది స్టెరాయిడ్ అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆయన్ని పెద్దగా తప్పుపట్టను, పిల్లి బాధ చూడలేక వేసినదే. కానీ స్టెరాయిడ్ దురదని ఆపుతుంది, దురద ఎందుకొచ్చిందో చెప్పదు. పదే పదే వేస్తే కొన్ని పిల్లులకి షుగర్ వస్తుందట కూడా.

ఈలోగా నా చీలమండల చుట్టూ ఎర్రటి మచ్చలు వచ్చాయి. మనుషుల డాక్టరు ఒకాయన కుర్చీలోంచి లేవకుండానే "తామర అమ్మా, ఇంట్లో పిల్లి ఉందా? అయితే దాన్ని వదిలించుకోండి" అని క్రీమ్ రాసిచ్చారు. క్రీమ్ అయిపోయింది, మచ్చలు పోలేదు.

అప్పుడు జరిగింది అసలు సంగతి.

మా ఆయన కొబ్బరికాయల లెక్కలు చూసుకోడానికి టౌన్‌కి వెళ్లి, పెంపుడు జంతువుల సామాన్లు అమ్మే షాపులో పురుగుల మందు అడిగారు. "పిల్లికండీ, కుక్కకి కాదు" అని రెండుసార్లు చెప్పారట. ఆ షాపతను అట్టపెట్టె లేకుండా ఒక్క ట్యూబు కాగితంలో చుట్టిచ్చి, "కుక్కలకి వాడేదేనండి, పిల్లి చిన్నది కదా, సగం పొయ్యండి చాలు. పురుగు పురుగే కదండీ" అన్నాడట. మందులు అమ్మే మనిషి మాట కాబట్టి నమ్మాం. రాత్రి భోజనాలయ్యాక భుజాల మధ్య సగం పోశాం.

బయట ముసురు. గంటా రెండు గంటలకి తాండ్ర చెవులు వాటంతట అవే అదరడం మొదలెట్టాయి. ఈగ వాలిందేమో అనుకున్నాను. తర్వాత వీపు మీద చర్మం అలలు అలలుగా కదిలింది. నోట్లోంచి చొంగ. లేచి నిలబడబోయి వెనక కాళ్లు విడిపోయి పడిపోయాడు. అంతలో కరెంటు పోయింది. అమ్మాయి టార్చి పట్టుకుంది, దాని చెయ్యి కూడా వణుకుతోంది. ఆ వెలుగులో వాడి కళ్లు పెద్దవై ఎటో చూస్తున్నాయి, పిలిస్తే మా వైపు తిరగడం లేదు. ఒళ్లంతా కొట్టుకుంటోంది, ముట్టుకుంటే కాలిపోతోంది.

మా తోడికోడలి తమ్ముడు గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదువుతున్నాడు. అర్ధరాత్రి ఫోన్ ఎత్తాడు, అది మా అదృష్టం. "అక్కా, ట్యూబు మీద ఏం రాసుందో చదవండి" అన్నాడు. చీమల్లాంటి అక్షరాలు. అమ్మాయి ఒక్కొక్కటే కూడబలుక్కుని పెర్మెథ్రిన్ అని చదివింది. "పిల్లిని ఇప్పుడే కడగండి. గిన్నెలు తోమే లిక్విడ్‌తో. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. వేడి నీళ్లయితే మందు ఇంకా లోపలికి పోతుంది, చన్నీళ్లయితే ఒళ్లు చల్లబడి వణుకు పెరుగుతుంది. కడిగి, తుడిచి, తువ్వాలులో చుట్టి బయల్దేరండి. కాకినాడలో నాకు తెలిసిన డాక్టరమ్మ ఉంది, నేను లేపుతాను."

కుక్క తట్టుకునే ఆ మందుని పిల్లి లివరు విరగ్గొట్టుకోలేదట. ఆ పని చేసే ఎంజైము పిల్లుల్లో చాలా తక్కువ. సగం కాదు, కాస్త పోసినా ప్రమాదమేనని తర్వాత చెప్పాడు.

బావి దగ్గర చూరు కింద కూర్చుని కడుగుతున్నాం. పక్కింట్లోంచి మా పెదనాన్న గొడుగు వేసుకుని వచ్చాడు. కాసేపు చూశాడు. "ఈ వానలో పిల్లి కోసం కాకినాడేంట్రా? తెల్లారేలోపు అదే పోతుంది. నేనప్పుడే చెప్పాను, గోనెసంచిలో వేసి ఏటవతల వదిలేయమని. పోతే ఇంకోటి తెచ్చుకోండి, పిల్లులకేం కరువా?" అన్నాడు. మా అమ్మాయి తల ఎత్తి చూసింది. ఏమీ అనలేదు. ఆయన చెడ్డవాడు కాదు. మా నాన్న పోయినప్పుడు మా ఇంటి భారం మోసిన మనిషి. అయినా ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు, అమ్మాయి ఇప్పటికీ ఆయన్ని తాతయ్యా అని పిలవడం లేదు. పిలవమని నేను చెప్పను.

మురమళ్ళ దాటుతుంటే మా అమ్మ వెనక సీట్లో కళ్లు మూసుకుని వీరేశ్వరస్వామికి కల్యాణం చేయిస్తానని మొక్కుకుంది. పెళ్లిళ్లు కుదరాలని చేయించే కల్యాణం అది! మా ఆయన ఇంకో రోజైతే నవ్వేవారే. ఎదుర్లంక వంతెన మీద గాలివానకి కారు పక్కకి లాగుతోంది. తాండ్రకి ఫిట్స్ వచ్చాయి. పిల్లినెప్పుడూ ఒళ్లోకి తీసుకోని మా ఆయన, స్టీరింగ్ వదలకుండా ఎడం చేత్తో వెనక్కి తడిమి వాడి తల మీద చెయ్యి వేశారు.

క్లినిక్‌లో డాక్టరమ్మ చీర కొంగు దోపుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. సెలైను, ఫిట్స్ ఆగడానికి డయాజెపామ్, కండరాలు సడలడానికి ఇంకేదో. దీనికి విరుగుడు మందు లేదని, ఒళ్లు దాన్ని బయటికి పంపేదాకా ప్రాణం నిలబెట్టడమే మన పని అని చెప్పింది. వణుకు పూర్తిగా తగ్గడానికి రెండు మూడు రోజులు పట్టింది. ఆ రోజుల గురించి రాయడానికి ఏమీ లేదు, బెంచీ మీద కూర్చుని టీలు తాగాం.

డిశ్చార్జి చేస్తూ ఆవిడ అన్న మాట ఇది: "ప్రాణం దక్కింది సరే. అసలు దురద ఎందుకో ఎవరూ చూడనే లేదు కదండీ." ఆ తర్వాత అడిగిన ప్రశ్నలు చూడండి! మొదట ఎక్కడ గోకాడు? పొక్కులు ముందా, గోకుడు ముందా? ఏ నెలలో ఎక్కువ? ఏం తింటాడు? ఇంట్లో ఇంకెవరికైనా మచ్చలొచ్చాయా? అంతకుముందు మమ్మల్ని ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అందరి దగ్గరా జవాబులే ఉన్నాయి.

పొట్ట మీంచి నాలుగు వెంట్రుకలు పీకి మైక్రోస్కోపు కింద పెట్టి నన్నూ చూడమంది. కొసలు విరిగిపోయి ఉన్నాయి. అంటే బొచ్చు దానంతట అది రాలడం లేదు, వాడే నాకి నాకి కొరికేస్తున్నాడు. పిల్లులు చాటుగా నాక్కుంటాయి కాబట్టి మనకి కనపడదట. చర్మం గీకి చూస్తే గజ్జి పురుగు లేదు, చెవుల్లోనూ లేదు. చీకటి గదిలో ఊదారంగు దీపం వేసి చూసింది. కొన్ని రకాల తామర ఉంటే వెంట్రుకలు పచ్చగా మెరుస్తాయి. మెరవలేదు, అయినా అన్ని రకాలూ ఆ దీపానికి దొరకవు కాబట్టి వెంట్రుకలు కల్చర్‌కి, అంటే ల్యాబులో తామర బూజు పెరుగుతుందేమో చూసే పరీక్షకి, పంపింది. ఆ రిపోర్టు వారాల తర్వాత వచ్చింది, తామర లేదు.

సన్నపళ్ల దువ్వెనతో తోక మొదట్లో దువ్వితే నల్లటి నలక రాలింది. దాన్ని తడి దూది మీద వేసి నా ముందు పెట్టింది. చూస్తుండగానే నలక చుట్టూ తుప్పురంగు వలయం పాకింది. "రక్తమండీ. మీ పిల్లిదే. ఫ్లీ అనే పురుగు తాగి విసర్జించింది." నా కాళ్లు చూపించమంది. చూసి నవ్వింది. "తామరా కాదు, గీమరా కాదు. మిమ్మల్నీ అవే కుడుతున్నాయి." పిల్లి మీద కనిపించేవి మొత్తం పురుగుల్లో నూటికి అయిదేనట. మిగతావి గుడ్లుగా, పిల్లపురుగులుగా చాపల్లో, గచ్చు పగుళ్లలో ఉంటాయి. పిల్లులకని రాసున్న మందు, ఆ బరువుకి తగ్గది, ఆవిడే పోసింది. ఇల్లంతా దులిపాం, దుప్పట్లు ఉడకబెట్టాం. నా మచ్చలు పోయాయి. తాండ్ర పొట్ట బాగుపడింది. మెడ, బుగ్గలు మాత్రం తగ్గలేదు.

అప్పుడు ఆవిడ "చేపలు ఆపండి" అంది.

మా అమ్మ మొహం చూడాలి. చేపలు పడని పిల్లి ఉంటుందా? ఉంటుందట. పిల్లులకి పడని ఆహారాల్లో ముందు వరసలో ఉండేవే బీఫ్, చేప, చికెన్. కొత్తగా తిన్నదానికంటే ఏళ్ల తరబడి తింటున్నదానికే ఎలర్జీ వస్తుందట. రక్తపరీక్ష చేయిస్తే తేలదా అని అడిగాను. ఆహారం విషయంలో ఆ పరీక్షని నమ్మలేం, ఎప్పుడూ తినని మాంసం ఒక్కటే ఎనిమిది వారాలు పెట్టి చూడటమే దారి అంది. తాండ్ర ఎప్పుడూ తిననిది మేక మాంసం. ఉప్పూ నూనె లేకుండా ఉడకబెట్టి, ఉడికిన నీళ్లతో సహా పెట్టాలి, పిల్లి కళ్లకీ గుండెకీ అవసరమైన టారిన్ అనే పోషకం ఆ నీళ్లలోకి దిగిపోతుంది కాబట్టి. అది చాలదని టారిన్, కాల్షియం విడిగా ఇచ్చింది. "మనకి ఆదివారం, వాడికి రోజూనా" అన్నారు మా ఆయన. అన్నారే గానీ తెచ్చారు.

కష్టం డబ్బుది కాదు. కోనసీమలో పిల్లిని చేపకి దూరంగా ఉంచడం! తలుపులేసి కూర్చోబెట్టాం. గంప దిగగానే లోపల్నించి ఒకటే ఏడుపు. చేపలావిడ "నోరు లేని జీవి ఉసురు పోసుకుంటున్నారమ్మా" అని నన్ను తిట్టింది. తగ్గుతోందనుకున్న సమయంలో మళ్లీ బుగ్గ రక్తం కారింది. మా అమ్మ జాలిపడి వంటింట్లో మెత్తళ్ల పొడి కలిపి పెడుతోంది. నేను అరిచాను, ఆవిడ ఏడ్చింది. లెక్క మళ్లీ మొదటి నుంచి.

ఈసారి నిలబడింది. పుండ్లు ఎండాయి, నూగు వచ్చింది. డాక్టరమ్మ అప్పుడు "ఇక చేప పెట్టి చూడండి, అప్పుడే ఖాయమవుతుంది" అంది. మనసొప్పలేదు. ఒక పిత్తపరిగె ఉడకబెట్టి పెట్టాం. రెండు రోజులు ఏమీ లేదు. మూడో రోజు పొద్దున్న కాలు చప్పుడు వినపడింది. ఆ చప్పుడుకి సంతోషించడం అదే మొదటిసారి. ఆ తర్వాత కోడిమాంసం పెట్టి చూశాం, అది పడింది, మా ఆయన ఊపిరి పీల్చుకున్నారు.

ఆ ట్యూబు పట్టుకుని షాపుకి నేనే వెళ్లాను. "వందమందికి అమ్మానండి, ఒక్కరూ వచ్చి చెప్పలేదు" అన్నాడు. చచ్చిపోయిన పిల్లులు వచ్చి చెబుతాయా అని అడిగాను. అతను వేరే గిరాకీ వైపు తిరిగాడు. పిల్లులున్నవాళ్లు ఆ మందు పేరు రాసి పెట్టుకోండి, పెర్మెథ్రిన్. ఇంట్లో కుక్కకి పోసినా, పిల్లి దాన్ని రాసుకోకుండా చూడండి. మనకి జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ కూడా పిల్లికి విషమే, అర బిళ్ల అయినా.

మొక్కు తీర్చాం. పూజారిగారు గోత్రం, పేర్లు అడిగితే అమ్మ అందరివీ చెప్పి, చివర్న తాండ్ర పేరు కూడా చేర్చింది. ఆయన మనవడనుకున్నట్టున్నారు, చదివేశారు.

ఇప్పుడు మళ్లీ వానలు మొదలయ్యాయి. ముక్కు దూలం మీద, చెవుల అంచున చిన్న పొక్కులు కనపడితే ఫొటో పంపాను. దోమకాటు పడని పిల్లులూ ఉంటాయి, బొచ్చు పలచగా ఉండే ఆ చోట్లలోనే వస్తుంది, చీకటి పడకముందే లోపలికి తెచ్చుకోండి అంది డాక్టరమ్మ. కిటికీలకి మెష్ కొలతలు తీసుకుని వడ్రంగి వెళ్లాడు. శ్రావణం లోపు బిగిస్తానన్నాడు.