కత్తిరించుకుంటేనే పనిచేసే ప్రోటీన్

ఈరోజు తరగతులు త్వరగా ముగియడంతో, రేపు చెప్పవలసిన నోరోవైరస్ పాఠాన్ని సాయంత్రం వరకు తయారు చేసుకున్నాను. 1968లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో నార్వాక్ అనే ఊరి బడిపిల్లలకు వాంతులు, విరేచనాలు సోకిన సంగతినీ, 1972లో శాస్త్రవేత్త కపికియన్ బృందం ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద ఈ వైరస్‌ను గుర్తించిన సంగతినీ ఒక పేరాలో ముగించాను. నా మనసంతా జన్యుక్రమం దగ్గరే ఉండిపోయింది.

అప్పట్లో ఈ వైరస్‌ను ప్రయోగశాలలో పెంచే మార్గమే లేదు కనుక, రోగి మలంలో దొరికే కొద్దిపాటి ఆర్‌ఎన్‌ఏ నుంచే దాని జన్యువును చదవవలసి వచ్చింది. అంత తక్కువ ఆధారంతో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పరిశోధకులు 1993లో ఒక నార్వాక్ తరహా వైరస్ (అంటే నోరోవైరస్) పూర్తి క్రమాన్ని ప్రచురించారంటే, ఆ ఓపికకు ఎంత గౌరవమిచ్చినా తక్కువేనని నాకు అనిపిస్తుంది. సుమారు 7,700 న్యూక్లియోటైడ్ల (ఆర్‌ఎన్‌ఏ అక్షరాల) ఆ క్రమంలో మొదటి భాగం దాదాపు 200 కిలోడాల్టన్ల (అణువుల బరువును కొలిచే ప్రమాణం) ఒకే పెద్ద ప్రోటీన్‌కు సంకేతం. అందులోనే ఇమిడి ఉన్న ప్రోటియేజ్ (ప్రోటీన్లను కోసే ఎంజైమ్) ఆ ప్రోటీన్‌ను కోసి, వైరస్ తన ఆర్‌ఎన్‌ఏకు నకళ్లు తీసుకోవడానికి కావలసిన ఆరు ప్రోటీన్లను విడదీస్తుంది.

అయితే కోత ఎక్కడ పడుతుందో క్రమాన్ని చదివినంత మాత్రాన తేలదు. గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లం పక్కన గ్లైసిన్ అనే మరొకటి ఉన్న చోట్లను అనుమానించవచ్చు గానీ, ఆ జంట ఉన్న ప్రతిచోటా కోత పడదు. చుట్టూ ఉన్న అమైనో ఆమ్లాలు కూడా ఎంజైమ్‌కు నచ్చాలి. అందుకే సౌతాంప్టన్ బృందమే 1996లో అనుమానిత స్థానాల్లోని అమైనో ఆమ్లాలను మార్చి, కోత ఆగిపోతుందో లేదో పరీక్షించి, మొదటి రెండు కోత స్థానాలను నిర్ధారించింది. విద్యార్థులు గుర్తుంచుకోవలసింది ఈ పద్ధతినేనని నా అభిప్రాయం. ఆరు ప్రోటీన్ల పేర్లు పరీక్షకు ముందు రోజు చదువుకున్నా సరిపోతుంది.

ఆ రెండు కోతలూ వేగంగా పడతాయి. మిగిలినవి గ్లూటమిక్ ఆమ్లం అనే వేరే అమైనో ఆమ్లం దగ్గర నెమ్మదిగా పడతాయి కనుక, కోసే ప్రోటియేజ్, ఆర్‌ఎన్‌ఏ నకళ్లు తీసే పాలిమరేజ్ విడిపోకుండా కొంతకాలం ఒకే ప్రోటీన్‌గా ఉండి, ఆ రూపంలోనే రెండు పనులూ చేయగలవు. కోత ఆలస్యం కావడం కూడా వైరస్‌కు ఉపయోగమేనన్నది ఎన్నిసార్లు చదివినా నన్ను ఆశ్చర్యపరుస్తుంది. ఈ ప్రోటియేజ్‌ను అడ్డుకునే మందుల కోసం పరిశోధనలు సాగుతున్నా, నోరోవైరస్‌కు ప్రత్యేకించి ఆమోదం పొందిన మందు ఏదీ ఇంకా రాలేదు. రేపటి పాఠాన్ని 1996 నాటి ఆ ప్రయోగంతోనే మొదలుపెట్టాలని నిర్ణయించుకున్నాను.