కజ్జికాయల పక్కన బ్యాలెట్

2022 అక్టోబర్ 23, ఆదివారం, ఫ్రీమాంట్

పొద్దున్నుంచీ డైనింగ్ టేబుల్ మీద రెండు పనులు నడిచాయి. ఒక చివర అత్తయ్య కజ్జికాయలకి పిండి ఒత్తుతుంటే, రెండో చివర నేను పోస్టులో ఇంటికొచ్చిన బ్యాలెట్ పరుచుకుని కూర్చున్నాను. రేపే దీపావళి. ఓటుకి నవంబర్ 8 దాకా టైముంది కానీ పండగ పనుల్లో పడితే ఇక దీన్ని ముట్టుకోనని తెలుసు.

ఈసారి కాలిఫోర్నియా అంతటికీ ఏడు ప్రపోజిషన్లు, అంటే జనమే నేరుగా ఎస్ లేదా నో చెప్పాల్సిన ప్రతిపాదనలు. ఆరింటికి గడులు నింపేశాను, ప్రపోజిషన్ 30, అదే ప్రాప్ 30 దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఏడాదికి 20 లక్షల డాలర్లు దాటిన ఆదాయం మీద, దాటినంత వరకు, ఇంకో 1.75 శాతం పన్ను, గరిష్ఠంగా 20 ఏళ్ళు. ఏటా 350 నుంచి 500 కోట్ల డాలర్లు వస్తాయని ఓటర్ గైడులో ఉంది. 80 శాతం ఎలక్ట్రిక్ కార్లకీ ఛార్జర్లకీ, మిగతాది కార్చిచ్చుల పనికి. మా జేబులోంచి ఒక్క డాలరు పోదు.

“అమ్మాయ్, పన్ను వెయ్యాలా వద్దా అని మిమ్మల్నే అడుగుతున్నారా?” అన్నారు అత్తయ్య, ఆవిడకి నమ్మకం కుదరలేదు. ఊళ్ళో ఇంటి పన్ను పెరిగినప్పుడు నోటీసు చేతిలో పెట్టి వెళ్ళారే తప్ప ఎవరూ అడగలేదట. అవునత్తయ్యా, ఇక్కడ తగినన్ని సంతకాలు సేకరిస్తే ఎవరైనా పన్ను చట్టం రాసి జనం ముందు పెట్టొచ్చు అని చెప్పాను. “ఎవరైనా అంటే, దీన్ని రాసిందెవరు?” అన్నారు.

నన్ను పట్టుకున్నదీ అదే ప్రశ్న. దీని ప్రచారానికి డబ్బులో పెద్ద భాగం ఫోన్ యాప్‌తో టాక్సీలు నడిపే లిఫ్ట్ (Lyft) కంపెనీది. 2030 కల్లా ఇలాంటి టాక్సీ కంపెనీల కార్లు తిరిగే మైళ్ళలో 90 శాతం ఎలక్ట్రిక్ కార్లవే కావాలని రాష్ట్రం రూలు పెట్టింది, ఆ ఖర్చులో కొంత ఈ పన్ను మోస్తుందని వ్యతిరేకులు అంటున్నారు. గవర్నర్ న్యూసమ్ టీవీ ప్రకటనలో కనబడి మరీ వద్దంటున్నారు, ఆయన సొంత పార్టీ మాత్రం కావాలంటోంది. టీచర్ల సంఘం కూడా వ్యతిరేకమే, ఇంత డబ్బు ఒక్క పనికే కట్టేస్తే బడులకి వచ్చేదేంటని. ఈ మాట నాకు సూటిగా తగిలింది.

ఓటర్లు పిసినారులని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. 2012లో ఇదే 30 నంబరుతో అప్పటి గవర్నర్ జెర్రీ బ్రౌన్ బడుల కోసం పన్ను పెంచమని అడిగితే జనం సరేనన్నారు. అప్పుడు తాత్కాలికం అన్నారు, పెద్ద ఆదాయాల మీది భాగం ఏడేళ్ళే అన్నారు, 2016లో దాన్ని 2030 దాకా పొడిగించారు, అదీ జనం ఓటుతోనే. 2004లో మానసిక ఆరోగ్యానికని ఏడాదికి 10 లక్షల డాలర్లు దాటిన ఆదాయం మీద 1 శాతం వేశారు. 18 ఏళ్ళయింది, స్టేషన్ దగ్గర తనలో తను మాట్లాడుకుంటూ పడుకున్న మనిషిని చూసినప్పుడల్లా ఆ డబ్బు ఎటు పోతోందని అడగాలనిపిస్తుంది. ఇచ్చినవాళ్ళే అడుగుతున్నారు, అడిగే హక్కు వాళ్ళకుంది.

పక్కింటి పెద్దాయనతో కూడా గోడ దగ్గర మాట్లాడాను. ఆయన 1978లో ఇంటి పన్నుకి కళ్ళెం వేసిన ప్రాప్ 13కి ఓటేసిన మనిషి. అప్పుడు ఇళ్ళ ధరలతో పాటు పన్నూ పెరిగిపోతూ, ఇల్లు ఉంటుందో పోతుందో అని నిద్ర పట్టేది కాదట. ఆ ఓటు వల్ల ఇప్పుడు పన్ను, ఇల్లు కొన్ననాటి ధర మీద 1 శాతం, ఆ విలువ ఏటా 2 శాతానికి మించి పెరగదు, అందుకే ఒకే సైజు ఇంటికి మేం కట్టేదాంట్లో ఆయన కట్టేది ఆరో వంతు కూడా ఉండదు. ఇది న్యాయం కాదని నేననుకుంటాను, కానీ ఆ భయం అబద్ధం కాదు. ఏ పన్ను కాయితం చూసినా ఆయన చెయ్యి వద్దు వైపే వెళ్తుంది.

సాయంత్రం మా బాబు వచ్చి గైడులో బొమ్మలేమైనా ఉన్నాయేమోనని తిరగేశాడు. వాడికి ఆయాసం ఉంది. 2020 సెప్టెంబర్ 9న పొద్దున కార్చిచ్చుల పొగకి ఆకాశం నారింజ రంగులో ఉంటే తెల్లవారలేదనుకుని మళ్ళీ ముసుగు తన్నాడు, తర్వాత ఎన్ని రోజులు కిటికీలు మూసి, తలుపు కింద తడి తువ్వాలు పెట్టామో. “ఇది పొగ ఆపేదా అమ్మా?” అన్నాడు. కొంత అన్నాను. “మరి ఎస్ పెట్టు.”

అప్పుడు పెట్టలేకపోయాను, నో కూడా పెట్టలేకపోయాను. గాలి బాగుపడాలి, ధనవంతులు ఇంకా కట్టాలి, రెండూ నాకు కావాలి. కానీ లాభపడేవాళ్ళే డబ్బు పెట్టి తెచ్చిన కాయితం మీద, 20 ఏళ్ళ పాటు బడ్జెట్‌లో ఎవరూ కదపలేకుండా ఇంత సొమ్ము కట్టేయడానికి నాకు మనసొప్పలేదు. అదే పన్ను శాసనసభ వేసి, బడికీ బస్సుకీ కార్చిచ్చుకీ ఏటా లెక్క చెబుతూ పంచుతానంటే ఈ క్షణంలో ఎస్ పెడతాను.

రాత్రి పదకొండుకి నో దగ్గర గడి నింపాను. కవరు అంటించి వెనక సంతకం పెట్టాను, అంచున కొంచెం నెయ్యి మరక అయింది. రేపు బాబుని బడిలో దింపి, లైబ్రరీ ముందున్న డబ్బాలో వేసి, వచ్చి ప్రమిదలు కడగాలి.