చాసిస్ మెలి తగ్గాకే స్ప్రింగుల సంగతి

నా కారును తిరగకట్టే పని గురించి రాస్తున్న ఈ వరుసలో కిందటి విడత, బాడీని చాసిస్ (కారు అడుగున ఉండే ఉక్కు ఫ్రేము) మీద నుంచి ఎత్తి పక్కన పెట్టడంతో ముగిసింది. ఆ తర్వాతి పదకొండు వారాల్లో నిచ్చెన ఆకారపు ఫ్రేమును దృఢపరచడం, వెనుక కమాన్ కట్టలు తీసేసి ఇరుసును ఫ్రేముకు కలిపే నాలుగు లింకుల (కడ్డీల) మీద కాయిల్ స్ప్రింగులు ఎక్కించడం, ముందు స్టీరింగ్ రాడ్ల ఎత్తు సరిచేయడం అనే మూడు పనులు ఇదే వరుసలో జరిగాయి. ఏడాది క్రితం ఇదే కారుకు ఫ్రేమును ముట్టుకోకుండానే గట్టి స్ప్రింగులూ లావుపాటి యాంటీ రోల్ బారూ (మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే కడ్డీ) బిగించి, కుదుపు పెరగడం తప్ప మలుపుల్లో ఏ మార్పూ కనబడక విసిగిపోయాను. అందుకే ఈసారి వరుస మార్చాను.

మెలితిరిగే ఫ్రేము కూడా ఒక స్ప్రింగే, పైగా దాని ఊగును అణచడానికి షాక్ అబ్జార్బర్ ఉండదు. ముందు వైపు బార్‌ను ఎంత గట్టిదిగా మార్చినా, ఆ ప్రభావం వెనుక చక్రాలకు చేరేలోపే ఫ్రేము మెలితిరిగి దాన్ని మింగేస్తుంది. దీన్ని పరీక్షించడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. బాడీ తీయకముందు ముందు ఎడమ మూల కింద జాకీ పెట్టి ఎత్తి చూస్తే, డోరు వెనుక అంచు దగ్గర 6 మి.మీ. ఉన్న సందు 3 మి.మీ.కు తగ్గింది. ఆ స్థితిలో డోరు తెరిస్తే మళ్ళీ మూయడానికి భుజంతో నెట్టవలసి వచ్చింది.

బాడీ లేని ఫ్రేముపై అంకెల్లో కొలవాలనుకున్నాను. వెనుక స్ప్రింగ్ మౌంట్ల దగ్గర ఫ్రేమును రెండు వైపులా నేలకు బిగించిన స్టాండ్లకు కట్టి, ముందు క్రాస్ మెంబర్ (రెండు పొడవాటి కమ్మీలను కలిపే అడ్డ కమ్మీ) నడుమ కింద ఒకే ఆధారం ఉంచి, దానిపై అడ్డంగా బిగించిన దూలానికి మధ్య నుంచి 1.5 మీటర్ల దూరంలో 60 కిలోల బరువు వేలాడదీశాను. అంటే సుమారు 883 న్యూటన్ మీటర్ల మెలిబలం పడినట్టు. ముందు చక్రాల రేఖలో 800 మి.మీ. ఎడంగా పెట్టిన రెండు డయల్ గేజీల (సన్నని కదలికను కొలిచే ముల్లు పరికరాల) కదలిక, ఒకటి కిందికి, ఒకటి పైకి, కలిపి 12.3 మి.మీ. వచ్చింది. కోణంలో అది 0.88 డిగ్రీలు, అంటే డిగ్రీకి దాదాపు 1,000 న్యూటన్ మీటర్ల దృఢత్వం. మొదటిసారి కొలిచినప్పుడు ఇంతకన్నా తక్కువ వచ్చింది గాని, ఆ లోపం ఫ్రేముది కాదు, వెనుక స్టాండ్లే కాస్త కదులుతున్నాయి. స్టాండు మీద మూడో గేజీ పెట్టి ఆ కదలికను తీసివేశాకే అంకె నిలకడగా వచ్చింది.

నా ఫ్రేము పొడవాటి కమ్మీలు సి ఆకారంలో, ఒక వైపు తెరిచి ఉన్నాయి. మెలిని తట్టుకోవడంలో తెరిచిన కమ్మీకీ మూసిన పెట్టెకీ ఉన్న తేడా కంటికి కనబడేది కాదు. 100 మి.మీ. ఎత్తు, 50 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం ఉన్న సి కమ్మీకి మెలి స్థిరాంకం (కమ్మీ ఆకారం మెలిని ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) దాదాపు 1,800 మి.మీ.⁴ వస్తే, తెరిచిన వైపు అదే మందపు రేకుతో మూసినప్పుడు అది సుమారు 8,66,000 అవుతుంది, అంటే 480 రెట్లు. అయితే ఈ పెరుగుదల ఫ్రేము మొత్తానికి వస్తుందని ఆశపడకూడదు. ఫ్రేము మెలితిరిగేటప్పుడు కమ్మీలు వంగుతాయి కూడా, క్రాస్ మెంబర్లు కలిసే అతుకులూ సడలుతాయి. పెట్టెగా మూయడం పూర్తయ్యాక అదే బరువుకు కదలిక 8.4 మి.మీ.కు మాత్రమే తగ్గింది, అంటే డిగ్రీకి 1,470 దాకా. నడుమ ఎక్స్ ఆకారపు గొట్టాల చట్రం అతికాక కదలిక 4.9 మి.మీ.కు దిగి, దృఢత్వం 2,500 దాటింది. మొత్తంమీద ఫ్రేముకు 34 కిలోల బరువు పెరిగింది. ఎక్స్ చట్రానికి 50 మి.మీ. వ్యాసం, 3 మి.మీ. గోడ ఉన్న గొట్టాలు వాడి, కూడలి దగ్గర ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనుక ఇరుసుకు శక్తిని చేర్చే కడ్డీ) పోవడానికి మందపు వలయం పెట్టాను. ఆ వలయం చుట్టూ షాఫ్ట్ ఊగడానికి 25 మి.మీ. ఖాళీ వదిలాను.

వెల్డింగ్‌లో చేసిన తప్పు ఒకటి చెప్పి తీరాలి. ఎడమ కమ్మీకి రేకు బాగా కుదిరిందన్న ఉత్సాహంలో ఒకే సాయంత్రం దాని మొత్తం పొడవునా అతుకు పూర్తి చేసేశాను. మర్నాడు మూల నుంచి మూలకు కొలిస్తే రెండు కర్ణాల మధ్య 4 మి.మీ. తేడా తేలింది. చల్లారే అతుకు కుంచించుకుపోయి కమ్మీని తనవైపు లాగింది. ఎదుటి అంచును అక్కడక్కడా వేడిచేసి చల్లార్చుకుంటూ దాన్ని 1 మి.మీ.కు తేవడానికి రెండు వారాంతాలు పట్టాయి. కుడి కమ్మీకి మాత్రం ముందుగా అడ్డంగా తాత్కాలిక దూలాలు అతికి, 40 మి.మీ. ముక్కలుగా, ముందు చివర ఒకటి, వెనుక చివర ఒకటి, నడుమ ఒకటి చొప్పున వేస్తూ, చేయి పెట్టగలిగేంత చల్లారాకే తర్వాతి ముక్కకు వెళ్ళాను.

పెట్టెగా మూసిన కమ్మీలో బోల్టు పోయే ప్రతి చోటా లోపల ఉక్కు గొట్టపు ముక్క అతకాలి, లేకపోతే నట్టు బిగించినకొద్దీ కమ్మీ గోడలు లోపలికి నలుగుతాయి. ఇది రేకు మూయకముందే చేయవలసిన పని కాబట్టి బ్రాకెట్ల స్థానాలన్నీ అప్పటికే తేలి ఉండాలి. కమ్మీ అడుగున నీరు జారడానికి రంధ్రాలు వదిలి, పని ముగిశాక లోపల మైనపు పూత చల్లాను. మరొక మాట ప్రాణానికి సంబంధించింది. క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టవచ్చు. తుడవడానికి అసిటోన్ వాడి, అది పూర్తిగా ఆరి, డబ్బానూ గుడ్డనూ దూరంగా తీసుకెళ్ళాకే వెల్డింగ్ మొదలుపెట్టాను.

వెనుక ఇరుసును ఇప్పుడు 600 మి.మీ. కింది లింకులు రెండూ, 420 మి.మీ. పై లింకులు రెండూ పట్టి ఉంచుతున్నాయి. పక్కకు జరగకుండా, ఒక చివర ఫ్రేముకూ మరో చివర ఇరుసుకూ అడ్డంగా బిగించే పాన్‌హార్డ్ రాడ్ పెట్టాను. ఆ రాడ్ వంపుగా కదులుతుంది కాబట్టి ఇరుసు లేచి దిగేటప్పుడు కొంచెం పక్కకు జరగక తప్పదు. మట్టంగా ఉన్న 900 మి.మీ. రాడ్‌కు 75 మి.మీ. కదలికలో ఆ జరుగుడు 3.1 మి.మీ. ఉంటే, 500 మి.మీ. రాడ్‌కు 5.7 మి.మీ. అవుతుంది. అందుకే సైలెన్సర్ గొట్టాన్ని దారి మళ్ళించాల్సి వచ్చినా పొడవాటి రాడ్‌నే ఎంచుకున్నాను.

స్ప్రింగుల ఎంపికలో నాకు నచ్చిన పద్ధతి ఊగు వేగం నుంచి వెనక్కి లెక్కించడం. వెనుక ఒక్కో మూల 250 కిలోలు మోస్తుంది. సెకనుకు 1.45 సార్లు ఊగాలనుకుంటే చక్రం దగ్గర మి.మీ.కు 20.7 న్యూటన్ల గట్టిదనం కావాలి. కాయిల్ 15 డిగ్రీలు వాలి ఉంది కాబట్టి స్ప్రింగుకు 22 అవసరమైంది. ముందు 280 కిలోలకు 1.3 సార్లు అనుకుంటే చక్రం దగ్గర 18.7 చాలు, కాని అక్కడ విష్‌బోన్ (చక్రాన్ని ఫ్రేముకు కలిపే వి ఆకారపు చేయి) మీద స్ప్రింగు లోపలికి ఉండి, చక్రం కదలికలో స్ప్రింగు కదిలే నిష్పత్తి 0.65 కావడంతో, దాని వర్గంతో భాగిస్తే స్ప్రింగు 44 ఉండాలి. వెనుక వేగం కాస్త ఎక్కువ ఉంచడం 1930ల దశకంలో జనరల్ మోటార్స్‌లో మారిస్ ఓలీ చేసిన పరిశోధనల నాటి సూత్రం. గతుకు ముందు చక్రాలకు ముందే తగులుతుంది కాబట్టి, ఆలస్యంగా మొదలైన వెనుక ఊగు ముందుదాన్ని అందుకుంటే కారు ముక్కూ తోకా ఆడించకుండా మట్టంగా లేచి దిగుతుంది.

ముందు చక్రం 50 మి.మీ. లేస్తే టో (పైనుంచి చూస్తే చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) 4 మి.మీ. బయటికి తిరుగుతోంది. ఇరుసుకు వెనుక ఉన్న స్టీరింగ్ రాడ్ బయటి చివరను 8 మి.మీ. స్పేసర్‌తో దించాక అది 0.7 మి.మీ.కు తగ్గింది. స్ప్రింగులు తీసి, చక్రాన్ని జాకీతో 10 మి.మీ. చొప్పున ఎత్తుతూ ప్రతి మెట్టులో రాసుకోవడం విసుగైన పనే, కాని అంచనాతో కుదిరేది కాదు.

బాడీ తిరిగి దించి, కారు నేల మీద తన బరువుతో నిలిచాకే లింకుల రబ్బరు బుష్‌ల బోల్టులు చివరిగా బిగించాను. ఇరుసు గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పటికీ మెలితిరిగిన స్థితిలోనే ఉండి త్వరగా చిరిగిపోతుంది. గేర్‌బాక్స్ షాఫ్ట్ వాలు, పినియన్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ కలిసే వెనుక ఇరుసు గేరు) వాలు రెండూ 3 డిగ్రీలకు సమంగా కుదిరాయి. డోరు పరీక్ష మళ్ళీ చేస్తే 6 మి.మీ. సందు 5 దగ్గర ఆగింది. పాన్‌హార్డ్ రాడ్ ఫ్రేము వైపు బ్రాకెట్‌కు ఇంకా అడ్డు బలం పెట్టలేదు. అది అతికి, అతుకుల్లో బీటలు వెతకడానికి రంగు ద్రవం పూసి చూశాకే కారు రోడ్డెక్కుతుంది.