థ పొట్టలో చుక్క

"టీచర్, నేను చుక్క పెట్టాను. చూడండి."

2004 ఫిబ్రవరి. కోవూరు దగ్గర జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో, పదో తరగతి తెలుగు జవాబు పత్రాలు దిద్ది పిల్లలకు పంచిన పూట. వెనక బెంచీలో కూర్చునే పిల్ల ఒకతె బల్ల దగ్గరికి వచ్చి నా ముందు తన కాగితం పెట్టింది. ఒకే జవాబులో నాలుగు చోట్ల ఆమె 'కథ' అని రాసింది. నాలుగు చోట్లా నేను ఎర్ర సిరాతో చుట్టి, 'కధ కాదు, కథ' అని పక్కన రాసి రెండు మార్కులు తీసేశాను. ద కింద గీత పడితే ధ, ఆ ధ పొట్టలో చుక్క పడితే థ. ఇరవై ఏళ్లుగా నేను పిల్లలకు నూరిపోస్తున్న సంగతి అదే.

కాగితం కిటికీ దగ్గరికి తీసుకువెళ్లాను. దగ్గరగా పట్టుకుంటే అక్షరాలు అలుక్కుపోయాయి. చెయ్యి పూర్తిగా చాచి వెలుగులో పట్టుకున్నప్పుడు కనిపించింది. చుక్క ఉంది. ఆవగింజలో పావు వంతు కూడా లేదు, కానీ ఉంది. నాలుగు చోట్లా ఉంది.

మార్కులు వేసి, క్షమించమని చెప్పి పంపించాను. ఆ పిల్ల సంతోషంగానే వెళ్లింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ఆదివారం. బడి వదిలేముందే పిల్లల దగ్గర తిరిగి తీసుకున్న యాభై నాలుగు కాగితాలనూ నెల్లూరు మూలాపేటలోని మా ఇంటి మేడ మీద, పొద్దుటి ఎండలో మళ్లీ దిద్దాను. పదకొండు కాగితాల్లో నేను తప్పు పట్టిన చోట పిల్లలు సరిగ్గానే రాశారు. చుక్క పెట్టిన వాళ్లు, ఒత్తు పెట్టిన వాళ్లు, పొల్లు పెట్టిన వాళ్లు. అడగడానికి ధైర్యం చేసింది మాత్రం ఒక్కతే.

అప్పటికి నాకు నలభై మూడేళ్లు. ఏడాదిన్నరగా కళ్లు ఇబ్బంది పెడుతున్నాయని నాకు తెలుసు. బియ్యంలో రాళ్లు ఏరడం మా అత్తగారికి వదిలేశాను. సూదిలో దారం పక్కింటి అమ్మాయితో ఎక్కించుకునేదాన్ని. పత్రిక చదివేటప్పుడు చెయ్యి దూరంగా జరుగుతూ జరుగుతూ ఇక చాచడానికి చెయ్యి చాలని స్థితి వచ్చింది. అయినా కళ్లజోడు పెట్టుకోలేదు. ఒకసారి పెట్టుకుంటే కళ్లు దానికి అలవాటు పడతాయి, ఏటేటా పవరు పెరిగిపోతుంది అని స్టాఫ్ రూములో అందరూ అనేవాళ్లు. నేనూ నమ్మాను. దాని వెనక అసలు కారణం వేరే ఉంది, అది తర్వాత చెబుతాను.

ఆ వారమే ట్రంకు రోడ్డులో ఒక దుకాణంలో సిద్ధంగా దొరికే చదువుకునే అద్దాలు కొన్నాను. పది నిమిషాలు చదివితే కనుబొమల మధ్య నొప్పి. రెండు కళ్లకూ ఒకే పవరు ఉన్న అద్దాలవి. నా రెండు కళ్లు ఒకటి కావు, కుడి కంటికి సిలిండరు, అంటే కంటి వంపులోని తేడాను సరిదిద్దే పవరు, కూడా కావాలని పరీక్ష చేయించుకున్నాక తెలిసింది. గుండ్రటి ఇనుప జోడు ముక్కు మీద పెట్టి, అద్దం తరువాత అద్దం మారుస్తూ, 'ఇది బాగుందా, ఇంతకు ముందుది బాగుందా' అని ఓపికగా అడిగిన ఆ యువకుడు నాకు ఒక మాట చెప్పాడు. కంటిలోపల ఉండే కటకం చిన్నతనంలో లేత ముంజెలా మెత్తగా ఉంటుందట. దగ్గరివి చూడాలంటే లోపలి కండరం బిగుసుకుని ఆ కటకాన్ని ఉబ్బనిస్తుంది. నలభై దాటేసరికి ముంజె ముదిరినట్టు అది గట్టిపడుతుంది, కండరం ఎంత ప్రయత్నించినా ఉబ్బదు. చత్వారం అంటే ఇదే. "అద్దాలు పెట్టుకున్నందుకు పవరు పెరగదమ్మా, వయసు పెరిగినందుకు పెరుగుతుంది. పెట్టుకోకపోయినా పెరుగుతుంది" అన్నాడు. ప్లస్ ఒకటింపావు రాసిచ్చాడు. అరవై దగ్గర పడేదాకా అది రెండున్నర వరకూ పోతుందని అప్పుడే చెప్పాడు. అలాగే జరిగింది.

బోర్డూ కాగితమూ రెండూ కనపడాలని బైఫోకల్ అద్దాలు చేయించుకున్నాను. మొదటి పదిహేను రోజులు కష్టం. అద్దంలో కింది సగం దగ్గరి చూపుకి. మెట్లు దిగుతూ కిందికి చూస్తే ఆ సగం నుంచే చూస్తాం, మెట్టు మసకగా, పైకి లేచినట్టు కనిపిస్తుంది. బడి వరండా మెట్ల మీద అలాగే పడ్డాను. మణికట్టు వాచింది. కళ్లు మాత్రమే దించడం కాదు, మెట్లు దిగేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనేలా తల వంచి పై సగం నుంచి చూడాలని ఆ దెబ్బతో నేర్చుకున్నాను. ఇప్పటికీ ఎవరైనా కొత్తగా బైఫోకల్ పెట్టుకుంటే ముందు ఈ మాటే చెబుతాను.

ఆ తరువాత పదిహేడేళ్లు కళ్లజోడు నాతో బడికి వచ్చింది, బడి నుంచి వచ్చింది. దాన్ని చీర చెంగుతో తుడవకూడదని, నీళ్లతో కడిగి మెత్తటి గుడ్డతో తడి తీయాలని తప్ప చెప్పుకోవలసినది పెద్దగా ఏమీ లేదు. 2021లో రిటైరయ్యాను.

2022 సంక్రాంతి తరువాత ఒక రోజు పొద్దున కళ్లజోడు వంటింట్లో మరిచిపోయి పత్రిక తెరిచాను. చిన్న అక్షరాలు కూడా స్పష్టంగా కనిపించాయి. నమ్మలేక మందు సీసా మీది ముద్ర చదివాను. చదవగలిగాను. "ఏమండీ!" అని కేక వేశాను. ఆయన పరుగున వచ్చి, సంగతి విని, "పడుచు కళ్లు తిరిగి వచ్చాయి నీకు" అన్నారు. పొన్నగంటికూర పుణ్యమని మా ఆడపడుచు అంది. ఎనిమిది నెలలు నేను అద్దాలు లేకుండా చదివాను. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఇన్నేళ్లు దిద్దిన చేతికి దేవుడు ఇచ్చిన కానుక అనుకున్నాను.

ఆ సంతోషంలో మిగతావేవీ పట్టించుకోలేదు. రాత్రి పెన్నా వంతెన మీద ఎదురొచ్చే లారీ దీపాల చుట్టూ ముళ్లముళ్లుగా కాంతి విచ్చుకునేది. ఎదురుగా వచ్చే మనిషి పలకరిస్తే తప్ప ఎవరో తెలిసేది కాదు. నన్ను చూసి చూడనట్టు పోతోందని ఇద్దరు ముగ్గురు అనుకున్నారట కూడా.

ఒక సాయంత్రం పాత సహోద్యోగి ఇంటికి వెళ్దామని బస్టాండులో నిలబడ్డాను. బస్సు వచ్చి ఆగింది. బోర్డు మీద క ఉన్నట్టుంది, ఆ తరువాత ఏముందో తెలియలేదు. కోవూరా, కావలియా? పక్కన ఉన్న కుర్రవాణ్ణి అడిగాను. అతను నన్ను ఒకసారి చూసి, చాలా మర్యాదగా, చిన్నపిల్లకు చెప్పినట్టు, "కోవూరు అని రాసి ఉంది అవ్వా. మీకు చదువు రాదా? ఎక్కండి, నేనూ అక్కడికే" అని చెయ్యి పట్టుకుని ఎక్కించాడు.

ముప్పై ఏడేళ్లు తెలుగు చెప్పాను. కోవూరులో సగం ఇళ్లలో నేను అక్షరాలు దిద్దించిన పిల్లలున్నారు. ఆ అబ్బాయి తప్పేమీ లేదు, అతని మంచితనం ఈ రోజుకీ గుర్తుంది. అయినా దారి పొడుగునా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను.

వారం లోపల కంటి ఆసుపత్రికి వెళ్లాం. చుక్కలు వేసి, కంటిపాప విప్పారాక దీపం పెట్టి చూసిన డాక్టరుగారు మెల్లగా చెప్పారు. తిరిగి వచ్చింది చూపు కాదు, శుక్లం. కటకం నడిబొడ్డు ముదిరి చిక్కబడితే కాంతిని మునుపటికంటే ఎక్కువగా వంచుతుందట. అందువల్ల మైనస్ పవరు వస్తుంది, దగ్గరివి అద్దాలు లేకుండానే కనపడతాయి, దూరం చెడిపోతుంది. శుక్లం ఇంకా ముదిరితే ఆ దగ్గరి చూపూ పోతుంది. దీన్ని రెండో చూపు అంటారట. కానుక అనుకున్నది రోగ లక్షణమని తెలిసినప్పుడు నాకు ఆపరేషన్ కంటే ఆ మాటే ఎక్కువ బాధ కలిగించింది. అద్దాల పవరు అకస్మాత్తుగా మారితే, అది మంచికైనా సరే, వెంటనే చూపించుకోవాలని అప్పుడు తెలిసింది. కంటి ఒత్తిడి కూడా చూశారు. నీటికాసులు (గ్లాకోమా) చాలామందిలో నొప్పీ బాధా లేకుండా చూపును అంచుల నుంచి తినేస్తాయి కాబట్టి నలభై దాటినవాళ్లు అద్దాలకోసం వచ్చినప్పుడల్లా అదీ చూపించుకోవాలన్నారు.

ఆపరేషన్ అనగానే వెనక్కి తగ్గాను. ఇందాక తర్వాత చెబుతానన్నది ఇదే. మా అమ్మకు 1983లో ఒక శిబిరంలో శుక్లాలు తీశారు. అప్పట్లో కటకం తీసేసేవారు, దాని బదులు లోపల ఏదీ పెట్టేవారు కాదు. తలకు రెండు వైపులా ఇసుక సంచులు పెట్టి రోజుల తరబడి కదలనివ్వలేదు. ఆ తరువాత సీసా అడుగంత మందం అద్దాలు ఇచ్చారు. వాటిలోంచి ప్రతిదీ ఉన్నదానికంటే పెద్దగా, దగ్గరగా కనిపిస్తుంది. అల్లూరు ఇంట్లో అమ్మ మంచినీళ్ల గ్లాసు కోసం చెయ్యి చాచేది, ఆ చెయ్యి గ్లాసుకు బెత్తెడు ఇవతలే గాలిలో మూసుకునేది. మళ్లీ చాచేది. మేం ఎవరైనా చూస్తే నవ్వి చెయ్యి వెనక్కి తీసుకునేది. కళ్లజోడు అంటే నా మనసులో ఆ చెయ్యే. నలభై మూడేళ్లప్పుడు అద్దాలు వద్దనుకున్నదీ, అరవై రెండేళ్లప్పుడు ఆపరేషన్ వద్దనుకున్నదీ దానివల్లే.

శుక్లం ఇంకా ముదరనివ్వండి, పండితేనే తియ్యాలి అని బంధువులు అన్నారు. నాకూ కావలసింది అదే, సంవత్సరం గడిపేశాను. డాక్టరుగారు రెండోసారి గట్టిగా చెప్పారు. పండేదాకా ఆగడం పాత పద్ధతి నాటి మాట. ఇప్పుడు శబ్ద తరంగాలతో కటకాన్ని పొడి చేసి చిన్న గాటులోంచి లాగేస్తారు, మరీ ముదిరితే దాన్ని పొడి చేయడమే కష్టం, నల్లగుడ్డు మీది పొరకు దెబ్బ తగిలే అవకాశం పెరుగుతుంది.

ముందు రోజు రాత్రి మా తమ్ముడి కొడుకు నా భయం చూసి ఫోనులో ఒక సంగతి చదివి వినిపించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల్లో పైలట్ కూర్చునే చోటి మీది ప్లాస్టిక్ కప్పు పగిలి ఆ పెంకులు పైలట్ల కళ్లలో దిగాయట. కన్ను వాటిని తిరస్కరించకపోవడం హెరాల్డ్ రిడ్లీ అనే ఆంగ్ల వైద్యుడు గమనించి, ఆ పదార్థంతోనే కటకం చేయించి 1949లో లండనులో మొదటిసారి కంట్లో పెట్టారట. విని ఊరట పడ్డాను. వెంటనే కోపం కూడా వచ్చింది. 1949లో పుట్టిన కటకం 1983లో మా అమ్మ దాకా ఎందుకు రాలేదు? ఆ ప్రశ్నకు ఆ రాత్రి మా ఇద్దరిలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

2023 డిసెంబరులో కుడి కన్ను. మొద్దుబారడానికి చుక్కలు, కంటి మీద నీళ్లు, తెల్లటి కాంతిలో కదిలే నీడలు. పావుగంట పట్టి ఉంటుంది. నొప్పి లేదు. మర్నాడు కట్టు విప్పారు.

ఇంటికి వచ్చి గదిలో గోడ చూశాను. ఎడమ కన్ను మూశాను, గోడ తెలుపు. కుడి కన్ను మూశాను, అదే గోడ టీ వడపోసిన గుడ్డ రంగు. ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. పెట్టెలోంచి చీరలన్నీ తీయించుకున్నాను. బూడిద రంగు అనుకుని రెండేళ్లు కట్టిన చీర నీలం. దాని అంచు మీద సన్నటి ఊదా గీత ఉందని మొదటిసారి చూశాను. మల్లెపూల తెలుపు అంత తెలుపని మరిచిపోయానే అనుకున్నాను. ఇన్నాళ్లూ నాకు తెలియకుండా లోకం పసుపు తెరలోంచి కనిపించింది, రోజుకింత చొప్పున పసుపు ఎక్కింది కాబట్టి తెలియలేదు.

రెండో కన్ను చేసేదాకా రెండు నెలలు ఇబ్బందే. ఒక కన్ను దూరానికి, ఒకటి దగ్గరికి. కాస్సేపటికే తల తిరిగేది. ఆరు వారాలు చుక్కలు తగ్గించుకుంటూ వేసుకోవడం, తలస్నానం లేకపోవడం, వంగి ఏదీ ఎత్తకపోవడం. ఆయనే బియ్యం కడిగారు, ఆయనే గడియారం చూసి నా కంట్లో చుక్కలు వేశారు. 2024 ఫిబ్రవరిలో ఎడమ కన్ను కూడా అయింది. తరువాత రంగనాథస్వామి గుడికి వెళ్లి గాలిగోపురం కింద నిలబడి, పైనున్న కలశాలు విడివిడిగా కనిపిస్తుంటే చాలాసేపు అలాగే నిలబడిపోయాను.

లోపల పెట్టిన కటకం దూరానికి. దగ్గరికి మళ్లీ ప్లస్ రెండున్నర అద్దాలు వచ్చాయి. ఈసారి ఒక్క రోజు కూడా వాయిదా వేయలేదు. మెడలో తాడుతో వేలాడుతూ ఉంటాయి.

మొన్న బస్టాండులో ఒక పెద్దాయన, "ఉదయగిరి బస్సు వచ్చిందా అమ్మా?" అని అడిగారు. బస్సు మా ఎదురుగానే ఉంది. అదేనని చెప్పి, చదువు వచ్చా అని అడగలేదు. కళ్లు చూపించుకున్నారా అని అడిగాను.

"ఇంకా పండలేదటమ్మా" అన్నారు.

ఆయన బస్సుకి ఇంకా పది నిమిషాలుంది. ఆయన పక్కన కూర్చుని మా అమ్మ గ్లాసు దగ్గర నుంచి మొదలుపెట్టాను. కోవూరు బస్సు ఒకటి వచ్చి వెళ్లిపోయింది.