బావ ఖాళీ క్యాన్ల లెక్కే ఇప్పుడు నా పని (నా అనుభవం)

ఏడాది పాటు నేనూ మా రూమ్మేటూ స్టార్టప్ ఐడియా కోసం తెగ వెతికాం, చివరికి ఫంక్షన్లు ప్లాన్ చేసుకునే యాప్ ఒకటి ఐదు నెలలు కూర్చుని చేస్తే మేం అడిగితే తప్ప ఒక్కరూ ఓపెన్ చేయలేదు. చాలా బాధేసింది, ఇక చాల్లే అని వదిలేశా.

తర్వాత 2022 సంక్రాంతికి ఖమ్మం, అక్కావాళ్ళింటికి వెళ్ళా. బావకి వాటర్ ప్లాంట్ ఉంది. రాత్రి పదకొండైనా మూడు నోటుబుక్కులు ముందేసుకుని కూర్చున్నాడు. ఏంటి బావా ఇంకా పడుకోలేదు అంటే "ఖాళీలు తేలట్లేదురా" అన్నాడు. ఇరవై లీటర్ల నీళ్ళు 20 రూపాయలు, కానీ క్యాన్ వెనక్కి రాకపోతే కొత్తది 150 పైనే, అంటే ఒక్క క్యాన్ పోయిందంటే ఏడెనిమిది క్యాన్ల నీళ్ళు ఊరికే పోసినట్టే. ఇళ్ళల్లో క్యాలెండర్ మీద టిక్కులు ఒక లెక్క, బావ బుక్కులో ఇంకో లెక్క, ఆటో కుర్రాడు నోటితో చెప్పేది మరో లెక్క.

ఆ రాత్రే గూగుల్ షీట్ ఒకటి చేసిచ్చా, వారంలో మూలపడింది. ఎందుకో తెలీక రెండు ఆదివారాలు ఆ ఆటోలోనే తిరిగా, అప్పుడర్థమైంది, క్యాన్లు మోసి మోసి ఆ కుర్రాడి చేతులు ఎప్పుడూ తడిగానే ఉంటాయి, తడి వేలితో చిన్న చిన్న గళ్ళలో టైప్ చేయడం ఎవరి వల్లా కాదు. అందుకే షీట్ పక్కన పెట్టి ఇంటి పేరు కింద పెద్ద బటన్లు రెండే పెట్టా: "ఇచ్చాం", "తెచ్చాం". ఆ రోజు నుంచి వాడుతూనే ఉన్నాడు.

దీన్ని అమ్మొచ్చు అని మాత్రం నాకు తట్టలేదు. ఎండాకాలంలో పక్క ఊరి ప్లాంటాయన బావ దగ్గర చూసి, డబ్బులిస్తాను మాక్కూడా పెట్టించండి అన్నాడు, ఐదు నెలల యాప్‌కి ఒక్కరూ అనని మాట అది. ఆన్‌లైన్లో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్ పెట్టిన ఫణీంద్ర సామ కూడా అంతే కదా, 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరక్కపోతే ఇదెందుకిలా ఉందని ఫ్రెండ్స్‌తో కలిసి తవ్వితే 2006లో రెడ్‌బస్ వచ్చింది. ముందు ఇబ్బంది కనపడింది, కంపెనీ ఆ తర్వాతే.

ఉద్యోగం చేస్తూ ఇలాంటిది చేసేవాళ్ళు ఆఫర్ లెటర్‌తో పాటు సంతకం పెట్టిన అగ్రిమెంట్ ఒకసారి తీసి చదవండి. బయట పని గురించి నా దాంట్లో ఒక క్లాజ్ ఉంది, హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా పర్మిషన్ వచ్చేదాకా రెండు నెలలు ఎవరి దగ్గరా రూపాయి తీసుకోలేదు, కోడ్ కూడా మొదట్నుంచీ సొంత లాప్‌టాప్‌లోనే రాశా.

ఇప్పుడు 14 ప్లాంట్లు వాడుతున్నాయి, ఒక్కోటి నెలకి 400 ఇస్తోంది. ఉద్యోగం ఇంకా మానలేదు. మొన్న ఆటో కుర్రాడే ఫోన్ చేసి, అన్నా, తాళం వేసున్న ఇళ్ళకి కూడా ఒక బటన్ పెట్టవా, సాయంత్రం మళ్ళీ ఎక్కడికెళ్ళాలో మర్చిపోతున్నా అన్నాడు. ఈ శనివారం అదే రాస్తున్నా.